కొత్త మందు సరే, పాత మందు పలాసకి ఎంతసేపట్లో చేరుతుంది? గుండె రీసెర్చ్ మీద ఓ విశ్లేషణ

2008లో లాన్సెట్ జర్నల్లో క్రియేట్ అని ఒక స్టడీ వచ్చింది. మన దేశంలో 50 నగరాలు, పట్టణాల్లోని 89 హాస్పిటళ్లకి గుండెపోటు లక్షణాలతో వచ్చిన 20,468 మంది వివరాలు రాసిపెట్టి, ఎవరికి ఏ వైద్యం అందింది, నెల తిరిగేసరికి ఎంతమంది బతికున్నారు అని చూసిన స్టడీ అది. అందులో రెండు నంబర్లు పక్కపక్కన పెట్టి చూస్తే సగం సంగతి అక్కడే తేలిపోతుంది. నొప్పి మొదలైనప్పటి నుంచి హాస్పిటల్ గుమ్మం ఎక్కడానికి 360 నిమిషాలు, గుమ్మం ఎక్కాక రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ పడడానికి 50 నిమిషాలు. ఇవి మీడియన్ లెక్కలు, అంటే సగం మందికి ఇంతకంటే ఎక్కువే పట్టిందన్నమాట. గుండెపోటు అనగానే ఏ హాస్పిటల్, ఏ డాక్టరు, ఎన్ని స్టెంట్లు అనే మాట్లాడుకుంటాం గానీ, టైమంతా పోయింది హాస్పిటల్ బయటే.

పైగా అది ఎక్కువగా నగరాల లెక్క. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆ ఆరు గంటలు ఎలా కరిగిపోతాయో ఇక్కడి వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. రాత్రి అన్నం తిని పడుకున్నాక గుండెల మీద బరువు, ఒళ్లంతా చెమటలు, ఎడం చెయ్యి లాగేయడం, సరే గ్యాస్ పట్టేసినట్టుంది అని ఒక ఈనో ప్యాకెట్, కాసేపాగి వాము నీళ్లు, అప్పటికీ తగ్గకపోతే ఊళ్లో ఆర్ఎంపీ గారిని లేపి ఒక గ్యాస్ ఇంజెక్షన్, దాంతో కాస్త నెమ్మదించినట్టు ఉంటే తెల్లారాక చూద్దాంలే అనుకోవడం, తెల్లారాక ఆటో, పీహెచ్‌సీ, అక్కడి నుంచి శ్రీకాకుళం పెద్దాసుపత్రి, అక్కడ వైజాగ్ తీసుకెళ్లిపోండి అంటే మళ్లీ నూట పది కిలోమీటర్లు. ఇచ్ఛాపురం వాళ్లయితే వైజాగ్ కంటే బరంపురమే దగ్గరని ఒడిశా వైపు పరిగెడతారు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండ గూడేల్లో అయితే రోడ్డు దాకా డోలీ మోత, ఆ తర్వాతే 108. ఆర్ఎంపీని తిట్టడం తేలికే, కానీ అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది ఆయనొక్కడే. ఆయన చేతిలో ఈసీజీ మిషన్ లేకపోవడం, ఉన్నా ఆ గీతలు చదివి చెప్పే మనిషి ఫోన్లో దొరక్కపోవడం అసలు లోటు.

ఈ ఆలస్యం ఖరీదెంతో పాత రీసెర్చే లెక్కగట్టింది. గడ్డ కరిగించే మందుల మీద అప్పటిదాకా జరిగిన ట్రయల్స్‌ని కలిపి 1996లో ఒక విశ్లేషణ చేశారు. నొప్పి మొదలైన మొదటి గంటలోనే ఇంజెక్షన్ పడినవాళ్లలో వెయ్యికి 65 మంది అదనంగా బతికారు, రెండో గంటలో పడితే 37 మంది, ఆ తర్వాత ఆ సంఖ్య 30కి కిందకి జారిపోయింది. మందు అదే, డోసు అదే, మారిందల్లా గడియారం. రక్తనాళం మూసుకున్నాక దాని మీద ఆధారపడ్డ గుండె కండరం ఒక్కసారిగా చచ్చిపోదు, లోపలి పొర నుంచి బయటి పొర వైపు మెల్లగా చస్తూ వస్తుంది, గడ్డ కూడా పాతబడేకొద్దీ గట్టిపడి మందుకి లొంగదు. అందుకే రెండో గంటకీ ఆరో గంటకీ ఉన్న తేడాని తర్వాత ఎంత ఖరీదైన వైద్యం చేసినా పూర్తిగా పూడ్చలేరు.

ఇక్కడ ఆస్పిరిన్ సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే గుండె వైద్యంలో ఇంత చవకైన మందు మీద ఇంత గట్టి సాక్ష్యం ఇంకోటి దొరకడం కష్టం. 1988లో వచ్చిన ఐసిస్-2 ట్రయల్లో 17,187 మంది గుండెపోటు పేషెంట్లని లాటరీ పద్ధతిలో గ్రూపులు చేసి, కొందరికి ఆస్పిరిన్, కొందరికి గడ్డ కరిగించే స్ట్రెప్టోకైనేస్, కొందరికి రెండూ, కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. ఐదు వారాల్లో గుండె, రక్తనాళాల కారణంగా చనిపోయినవాళ్లు ఆస్పిరిన్ తీసుకోని వాళ్లలో 11.8 శాతం, తీసుకున్నవాళ్లలో 9.4 శాతం. దీన్నే మరణాలు 23 శాతం తగ్గాయి అని కూడా రాయొచ్చు, నూటికి ఇద్దరికి పైగా అదనంగా బతికారు అని కూడా రాయొచ్చు. రెండూ నిజమే. పేపర్లో హెడ్డింగ్ మాత్రం ఎప్పుడూ మొదటి లెక్కతోనే వస్తుంది, మందుల కంపెనీ పాంప్లెట్లో అయితే చెప్పనే అక్కర్లేదు. శాతం కనిపించిన ప్రతిచోటా "నూటికి ఎంతమంది నుంచి ఎంతమందికి తగ్గింది" అని అడిగితే సగం మాయ వదిలిపోతుంది.

అదే ట్రయల్లో ఇంకో తమాషా ఉంది, మనవాళ్లకి బాగా నచ్చుతుంది. గ్రూపుల్ని ముక్కలు ముక్కలుగా కోసి ఈ ముక్కలో మందు పనిచేసింది, ఆ ముక్కలో చెయ్యలేదు అని చెప్పేవాళ్లకి బుద్ధి రావాలని, రీసెర్చర్లు పేషెంట్లని పుట్టిన రాశుల ప్రకారం విడగొట్టి చూపించారు. మిథున రాశి, తులా రాశి వాళ్లకి ఆస్పిరిన్ వల్ల కాస్త నష్టమే జరిగినట్టు, మిగతా రాశులకి బ్రహ్మాండంగా పనిచేసినట్టు లెక్క తేలింది. జాతకంతో పని లేదు, లెక్కల్ని ఎక్కువ ముక్కలు చేస్తే ఏదో ఒక ముక్కలో ఇలాంటి వింత బయటపడి తీరుతుందని చెప్పడానికే అలా చేశారు. ఫలానా మందు ఫలానా వయసు ఆడవాళ్లకే పనిచేస్తుంది అనో, ఫలానా బ్లడ్ గ్రూపు వాళ్లకి పడదు అనో ఫార్వర్డ్ మెసేజ్ వచ్చినప్పుడు ఈ తులా రాశి గుర్తొస్తే చాలు.

మరి దగ్గర్లో యాంజియోప్లాస్టీ (మూసుకున్న నాళాన్ని బెలూన్, స్టెంట్లతో తెరవడం) చేసే క్యాథ్ ల్యాబ్ లేని ఊళ్ల సంగతేంటి? దీని మీదే 2013లో స్ట్రీమ్ ట్రయల్ వచ్చింది. నొప్పి మొదలై మూడు గంటల్లోపు దొరికి, గంటలోపు యాంజియోప్లాస్టీ అందే వీలు లేని 1,892 మందిని తీసుకుని, సగం మందికి ముందు గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఇచ్చి తర్వాత తీరిగ్గా యాంజియోగ్రాంకి (డై ఎక్కించి నాళాలు చూసే టెస్టుకి) పంపారు, మిగతా సగాన్ని నేరుగా యాంజియోప్లాస్టీకి పంపారు. నెల రోజుల్లో చావు, షాక్ (బీపీ బాగా పడిపోవడం), హార్ట్ ఫెయిల్యూర్ (గుండె రక్తాన్ని సరిగ్గా పంపలేకపోవడం), మళ్లీ గుండెపోటు అన్నీ కలిపితే ఇంజెక్షన్ గ్రూపులో 12.4 శాతం, నేరుగా వెళ్లినవాళ్లలో 14.3 శాతం, అంటే ఇంజెక్షన్ దారి ఏం తీసిపోలేదు. మెదడులో రక్తస్రావం మాత్రం ఇంజెక్షన్ గ్రూపులో కాస్త ఎక్కువైంది, దాంతో మధ్యలోనే 75 ఏళ్లు దాటిన వాళ్లకి డోసు సగానికి తగ్గించారు. ఈ మధ్యే పక్షవాతం వచ్చినవాళ్లకి, ఆపరేషన్ అయినవాళ్లకి, లోపల ఎక్కడైనా రక్తం పోతున్నవాళ్లకి ఈ ఇంజెక్షన్ ప్రమాదం, అందుకే ఇచ్చేముందు అన్ని ప్రశ్నలు అడుగుతారు. ఆ ప్రశ్నలకి తడబడకుండా జవాబు చెప్పగల మనిషి పేషెంట్ పక్కన ఉంటే అక్కడ కూడా పది నిమిషాలు కలిసొస్తాయి.

తమిళనాడులో ఈ పద్ధతిని జిల్లాల స్థాయిలో పెట్టి చూశారు. చిన్న హాస్పిటళ్లు చుట్టూ, క్యాథ్ ల్యాబ్ ఉన్న పెద్ద హాస్పిటల్ మధ్యలో, అంబులెన్స్ మధ్యవర్తి. 2,420 మంది మీద చేసిన ఆ స్టడీ 2017లో వచ్చింది. పద్ధతి పెట్టకముందు ఏడాదిలో 17.6 శాతం మంది చనిపోతుంటే, పెట్టాక 14.2కి దిగింది. ఇది లాటరీ ట్రయల్ కాదు, ముందూ వెనకా పోలిక మాత్రమే, కాబట్టి ఆ తగ్గుదల మొత్తాన్నీ ఈ పద్ధతి ఖాతాలోనే వేసేయడం కుదరదు, కానీ దారి మాత్రం స్పష్టంగానే ఉంది. మన రాష్ట్రంలోనూ 2023లో ఇలాంటి హబ్ అండ్ స్పోక్ స్టెమి (గుండె నాళం పూర్తిగా మూసుకుపోయే గుండెపోటు) ప్రోగ్రాం మొదలుపెట్టి, వేలకి వేలు ఖరీదు చేసే టెనెక్టెప్లేస్‌ని గవర్నమెంట్ హాస్పిటల్లో ఉచితంగా ఇవ్వడం మొదలెట్టారు. కాగితం మీద ఇది ఉత్తరాంధ్రకి సరిగ్గా సరిపోయే వైద్యం. ఫ్రిజ్‌లో ఇంజెక్షన్ ఉందా, ఆ రాత్రి డ్యూటీలో ఈసీజీ తీసేవాళ్లు ఉన్నారా, ఫోటో పంపితే అవతల కార్డియాలజిస్టు వెంటనే చూసి ఇవ్వండి అంటారా, ఈ మూడింటి మీదే పలాసలో ప్రాణం నిలబడేదీ లేనిదీ.

క్రియేట్ స్టడీలో ఇంకో మాట అంతగా బయటికి రాలేదు. పేదవాళ్లలో నెల రోజుల మరణాలు 8.2 శాతం, డబ్బున్నవాళ్లలో 5.5 శాతం. పేదవాళ్ల గుండె బలహీనమనో, జబ్బు ముదిరి వచ్చారనో అనుకోవచ్చు, కానీ వాళ్లకి అందిన వైద్యంలో తేడాని లెక్కలోకి తీసుకుని మళ్లీ చూస్తే ఆ మరణాల తేడా కనిపించకుండా పోయింది. అంటే చంపుతున్నది పేదరికం కాదు, పేదరికం వల్ల అందని మాత్రలూ ఇంజెక్షన్లూ. ఈ ఒక్క ముక్క చాలు గవర్నమెంట్ ఆరోగ్య పథకాలు అక్కర్లేదనే వాళ్లకి జవాబు చెప్పడానికి. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్లో మొదట మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి, మిగతావి అనంతపురం, మహబూబ్‌నగర్. పేరు ఎన్నిసార్లు మారినా పథకం నడుస్తూనే ఉంది.

స్టెంట్ల విషయం కాస్త తొందరగా చెప్పేసుకుందాం. గుండెపోటు వచ్చిన గంటల్లో స్టెంట్ ప్రాణం కాపాడుతుంది, అందులో అనుమానం లేదు. కానీ నడిస్తే నొప్పి, ఆగితే తగ్గడం, టెస్టుల్లో బ్లాక్ ఉందని తేలడం, ఇలా నిలకడగా ఉన్న జబ్బు వేరు. 2020లో వచ్చిన ఇస్కీమియా ట్రయల్లో 5,179 మందిని చూస్తే ముందుగా స్టెంట్ వేసినా, బైపాస్ చేసినా, మందులతో మొదలుపెట్టినా మరణాల్లో తేడా రాలేదు, నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లకి మాత్రం స్టెంట్, బైపాస్‌తో ఆ నొప్పి బాగా తగ్గింది. 2017లో బ్రిటన్లో 200 మంది మీద చేసిన ఆర్బిటా ట్రయల్ ఇంకా ధైర్యమైనది, సగం మందిని క్యాథ్ ల్యాబ్‌లోకి తీసుకెళ్లి మత్తిచ్చి స్టెంట్ వెయ్యకుండానే బయటికి తెచ్చారు, వేసారో లేదో పేషెంట్లకి తెలీదు. ట్రెడ్‌మిల్ మీద నడిచే టైంలో రెండు గ్రూపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. స్టెంట్ దండగ అని దీనర్థం కాదు. గుండె నొప్పి మందులు ఆపేసిన గ్రూపు మీద 2023లో వచ్చిన ఆర్బిటా-2లో నొప్పి తగ్గినట్టు తేలింది కూడా. "రేపే వేయించకపోతే మనిషి దక్కడు" అని హడావిడి పెట్టడానికి మాత్రం నిలకడ జబ్బులో ఆధారం లేదు, పొలం తాకట్టు పెట్టేముందు ఇంకో డాక్టర్ని అడగడానికి టైం ఉంటుంది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూత స్టెంట్ ధరని 29,600 రూపాయలకి కట్టడి చేసింది, అంతకుముందు లక్ష దాటి వసూలు చేసిన రోజులున్నాయి.

ఇక పిల్లల గుండె దగ్గరికొస్తే రీసెర్చ్ తీరే వేరు. పెద్దవాళ్ల ట్రయల్స్‌లో వేలమంది, పిల్లల ట్రయల్స్‌లో వందలు దొరికితే గొప్ప. హార్ట్ ఫెయిల్యూర్ పెద్దలకి కార్వెడిలాల్ ఇస్తే మరణాలు 35 శాతం తగ్గినట్టు 2001లో 2,289 మంది ట్రయల్ చూపించింది. అదే మందుని పిల్లలకి ఇచ్చి 2007లో చూస్తే, 161 మందిలో, ఉత్తుత్తి మందుకీ దానికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మందు పనికిరాదా అంటే అలా అనలేం. పిల్లల్లో చాలామంది వాళ్లంతట వాళ్లే కోలుకున్నారు, వాళ్ల జబ్బుకి కారణాలే వేరు, పెద్దల్లోలా రక్తనాళాల్లో కొవ్వు కాదు, పుట్టుకతో వచ్చిన లోపాలు, కండరం జబ్బులు, వాళ్ల లివర్ మందుని అరిగించే వేగం కూడా వేరు. పెద్దల మాత్రని ముక్క చేసి పిల్లాడికి వేస్తే పెద్దల రీసెర్చ్ కూడా ముక్కగా పనిచేస్తుందనుకోవడం కుదరదు.

పుట్టే ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఎనిమిది తొమ్మిది మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది, చిన్న చిల్లయితే కొన్ని వాటంతట అవే మూసుకుపోతాయి, కొన్నింటికి మొదటి ఏడాదిలోనే ఆపరేషన్ కావాలి. ప్రమాదకరమైనవి పుట్టిన మొదటి రోజు బయటికి కనిపించకపోవచ్చు, బిడ్డ పాలు తాగుతుంది, ఏడుస్తుంది, ఇంటికి పంపేస్తారు, వారం తిరిగేసరికి ఒళ్లు నీలంగా మారి ఆయాసంతో వస్తుంది. దీనికి రీసెర్చ్ చూపించిన ఉపాయం చాలా చిన్నది. బిడ్డ కుడి చేతికి, ఒక కాలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టి చూడడం, ఆక్సిజన్ 95 శాతం లోపు వచ్చినా రెండింటి మధ్య తేడా ఎక్కువున్నా ఎకో (గుండె స్కాన్) చేయించడం. 2011లో బ్రిటన్లో 20,055 మంది పిల్లల మీద చేసిన స్టడీలో ఈ పద్ధతి ప్రాణాంతకమైన లోపాల్లో నాలుగింట మూడింటిని పట్టుకుంది. కోవిడ్ పుణ్యమా అని ఆక్సీమీటర్ అంటే తెలియని పీహెచ్‌సీ లేదు ఇప్పుడు, కాకపోతే పెద్దల వేలికి పెట్టే క్లిప్పు పసిబిడ్డ పాదానికి సరిపోదు, బిడ్డకి చుట్టే సెన్సర్ వేరే ఉంటుంది. విజయనగరం ఘోషాసుపత్రి లాంటి ఎక్కువ పురుళ్లు జరిగే చోట డిశ్చార్జికి ముందు అది చుట్టి చూడడానికి పట్టేది ఐదు నిమిషాలు. అంగన్వాడీలకి, బళ్లకి వచ్చి పిల్లల్ని చూసే ఆర్‌బీఎస్‌కే టీములు 2013 నుంచి ఉన్నాయి, మంచిదే, కానీ వాళ్లు చూసేసరికి బతికి మిగిలిన పిల్లలే ఉంటారు.

పుట్టుకతో రాని గుండెజబ్బు ఇంకోటి ఉంది, అది పేదిళ్ల పిల్లల్ని వెతుక్కుంటూ వస్తుంది. గొంతు నొప్పి, జ్వరం, కొన్ని వారాలకి మోకాళ్లు వాచడం, అక్కడితో పోయిందనుకుంటారు, లోపల గుండె కవాటం (వాల్వ్) మీద మచ్చ పడిపోతుంది. రుమాటిక్ గుండెజబ్బు అంటే ఇదే. ఇరుకిళ్లలో పదిమంది కలిసి పడుకునే చోట స్ట్రెప్టోకోకస్ అనే బ్యాక్టీరియా ఒకరి గొంతు నుంచి ఇంకొకరికి పాకుతుంది, మళ్లీ మళ్లీ సోకినప్పుడల్లా కవాటం ఇంకాస్త బిగుసుకుంటుంది. బళ్లో పరుగెత్తలేని పిల్ల "బలహీనం" అనిపించుకుని పెద్దదై పెళ్లయ్యాక, కడుపుతో ఉన్న ఆరేడు నెలలకి రక్తం పెరిగి గుండె మీద భారం పడ్డప్పుడు పడుకోలేనంత ఆయాసం వస్తే, అప్పుడు గానీ ఎకో తియ్యరు, అప్పుడు గానీ మైట్రల్ వాల్వ్ ముడుచుకుపోయిందని తెలీదు.

ముడుచుకున్న వాల్వ్‌ని బెలూన్‌తో తెరవొచ్చు. ఈ బెలూన్ పద్ధతిని ఛాతీ తెరిచి చేసే ఆపరేషన్‌తో పోల్చి 1994లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్లో వచ్చిన ట్రయల్ జరిగింది ఎక్కడో కాదు, హైదరాబాద్ నిమ్స్‌లో, డాక్టర్ సోమరాజు గారి టీం కూడా ఉంది అందులో. 60 మంది పేషెంట్లే, మూడేళ్ల తర్వాత చూస్తే బెలూన్ వేసినవాళ్ల వాల్వే ఎక్కువ తెరుచుకుని ఉంది. తెలుగు నేల మీద, తెలుగు పేషెంట్ల మీద తేలిన విషయం ప్రపంచం మొత్తానికి పాఠమైంది, ఈ సంగతి మనవాళ్లకే ఎక్కువమందికి తెలీదు.

అసలు అంతదాకా రానివ్వకుండా ఆపేది పెన్సిలిన్. మూడు నాలుగు వారాలకోసారి బెంజథీన్ పెన్సిలిన్ ఇంజెక్షన్, ఏళ్ల తరబడి. యుగాండాలో లక్ష మందికి పైగా పిల్లలకి ఎకో తీసి, బయటికి ఏ లక్షణమూ లేకుండా లోపల వాల్వ్ మీద తొలి మచ్చ పడిన 818 మందిని ఎంచుకుని రెండు గ్రూపులు చేసిన గోల్ ట్రయల్ 2021లో వచ్చింది. రెండేళ్లలో జబ్బు ముదిరినవాళ్లు ఇంజెక్షన్ గ్రూపులో 0.8 శాతం, లేనివాళ్లలో 8.2 శాతం. గుండె రీసెర్చ్‌లో ఇంత తేడా చూపించే పాత మందులు చాలా తక్కువ. అయితే ఆ ట్రయల్లో పిల్లలకి దాదాపు అన్ని డోసులూ టైంకి పడ్డాయి, రమ్మని గుర్తుచేసేవాళ్లున్నారు, పిల్లల్ని, అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి మాట్లాడే గుంపులున్నాయి. ట్రయల్లో మందుతో పాటు వెంటపడే మనిషి కూడా ఉంటాడు, రిజల్ట్ రాసేటప్పుడు ఆ మనిషి పేరు కూడా మందు పేరు కిందే కలిసిపోతుంది. తర్వాత ఊళ్లోకి మందు ఒక్కటే వస్తుంది.

శ్రీకాకుళంలో ఆ వెంటపడే మనిషి ఎవరు? ఇంజెక్షన్ పొడి గాజు సీసాలో ఉంటుంది, నీళ్లు కలిపితే చిక్కటి సున్నంలా అవుతుంది, సన్నటి సూదిలో ఇరుక్కుపోతుంది, పిర్రలో ఎక్కిస్తే రెండ్రోజులు కుంటాల్సిందే. పిల్లాడు సీసా చూడగానే ఏడుపు లంకించుకుంటాడు. రియాక్షన్ వస్తే మీద పడుతుందని ప్రైవేటు వాళ్లు చాలామంది వెయ్యనంటారు, ముందు టెస్ట్ డోసు కావాలి, మా దగ్గర లేదు అంటారు. గోల్ ట్రయల్లో పడిన మొత్తం డోసుల్లో అలాంటి రియాక్షన్ ఒకటి, అదీ తేలికపాటిది, కానీ భయానికి లెక్కలు పట్టవు. దానికి తోడు వలస. నాట్లు అయిపోగానే, వేట లేని రోజుల్లో, ఇల్లు తాళమేసుకుని చెన్నై, హైదరాబాద్, గుజరాత్ వేరావల్ దాకా పోయే కుటుంబాల్లో పిల్లాడి ఇంజెక్షన్ కార్డు ఇంట్లో గోడకి వేలాడుతూ ఉంటుంది, పిల్లాడు ఇంకో రాష్ట్రంలో ఉంటాడు. నెలనెలా ఒకే పీహెచ్‌సీకి వస్తాడని అనుకుని చేసిన ఏ పథకమైనా ఇక్కడ మూడో నెలకి తెగిపోతుంది.

పెద్దల్లో ఇదే జబ్బు గుండె లయ తప్పేదాకా వస్తే రక్తం పలచబడే మందు కావాలి. ఎసిట్రోమ్, వార్ఫరిన్ లాంటి పాత మాత్రలకి నెలనెలా ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చూసే) టెస్టు, 2 నుంచి 3 మధ్య ఉండాలి, తక్కువైతే గడ్డ కట్టి పక్షవాతం, ఎక్కువైతే రక్తస్రావం, ఆకుకూరలు ఒక వారం తిని ఒక వారం మానేసినా తేడా వచ్చేస్తుంది. టెస్టు అక్కర్లేని కొత్త మాత్ర రివరాక్సబాన్ వస్తే ఈ బాధ పోతుందనే అందరూ అనుకున్నారు. ఇండియాతో సహా 24 దేశాల్లో 4,531 మంది మీద చేసిన ఇన్విక్టస్ ట్రయల్ 2022లో బయటికొచ్చింది, కొత్త మందు ఓడిపోయింది, పాత మాత్ర వాడినవాళ్లే ఎక్కువమంది బతికారు, పెద్ద రక్తస్రావాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎందుకలా అన్నది ఇంకా చర్చే, నెలనెలా టెస్టు కోసం డాక్టర్ దగ్గరికి రావడమే కొంత మేలు చేసి ఉండొచ్చని ఒక వాదన. అదే నిజమైతే మళ్లీ మొదటికే వచ్చాం, మాత్ర కంటే రాకపోకలే మందు. ఐఎన్ఆర్ కోసం మెళియాపుట్టి నుంచి టౌన్‌కి రానూపోనూ బస్సు, ఒక రోజు కూలీ పోవడం, రిపోర్టు చూసి డోసు మార్చే డాక్టర్ కోసం కాచుకోవడం, ఈ ఖర్చు ఏ ట్రయల్ టేబుల్లోనూ కనిపించదు.

మనిషిని పెట్టినంత మాత్రాన అన్నీ సర్దుకుంటాయనీ కాదు. పశ్చిమ గోదావరిలో 18 పీహెచ్‌సీల పరిధిలో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చి, ఇల్లిల్లూ తిరిగి బీపీ చూసి గుండె ముప్పున్నవాళ్లని డాక్టర్ దగ్గరికి పంపించే స్మార్ట్‌హెల్త్ ట్రయల్ చేశారు. 2019లో రిజల్ట్ వచ్చేసరికి బీపీ అదుపులో ఉన్నవాళ్ల శాతంలో ఆ ఊళ్లకీ మామూలు ఊళ్లకీ తేడా తేలలేదు. ఆశా పంపిస్తుంది సరే, అటుపక్క డాక్టరూ ఉండాలి, మాత్రలూ ఉండాలి, మళ్లీ నెలకి కూడా ఉండాలి. ఇలాంటి నెగటివ్ రిజల్ట్ పేపర్లకెక్కదు, కానీ పథకం రాసే ఆఫీసర్లు ముందు చదవాల్సింది దీన్నే.

ఉద్దానం గురించి ఒక్క మాటైనా రాయకుండా శ్రీకాకుళం జిల్లాలో గుండె గురించి రాయడం కుదరదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు షుగరూ బీపీ లేకుండానే కిడ్నీలు పోతున్న సంగతి అందరికీ తెలిసిందే, 2,210 మంది మీద చేసి ప్రచురించిన ఒక స్టడీలో 18 శాతం మందికి కిడ్నీ జబ్బు బయటపడింది. కిడ్నీ చెడ్డవాళ్లలో చాలామంది డయాలసిస్ దాకా వెళ్లకముందే గుండెజబ్బుతో పోతారు. మరి గుండె ట్రయల్స్‌లో చాలావాటిలో కిడ్నీ బాగా చెడ్డవాళ్లని మొదట్లోనే పక్కన పెట్టేస్తారు, డై పడదనీ, మందు పేరుకుపోతుందనీ. అంటే పైన చెప్పిన చాలా నంబర్లు ఉద్దానం మనిషికి నేరుగా వర్తించవు. ప్రత్యేకంగా ఇలాంటివాళ్ల మీదే చేసిన ఇస్కీమియా-సీకేడీ ట్రయల్ 2020లో వచ్చింది, 777 మంది, నిలకడగా ఉన్న బ్లాకులకి ముందే యాంజియోగ్రాం, స్టెంట్ అని వెళ్లినా, మందులతో ఉన్నా, మూడేళ్లలో చావు లేదా గుండెపోటు 36.4, 36.7 శాతం, దాదాపు ఒకటే. పక్షవాతం మాత్రం ముందే క్యాథ్ ల్యాబ్‌కి వెళ్లినవాళ్లలో ఎక్కువ. గుండెపోటు వచ్చినవాళ్లకి ఇది వర్తించదు, నిలకడ జబ్బుకే. అయినా కిడ్నీ పేషెంట్‌కి యాంజియో అన్నప్పుడు డాక్టర్‌తో మాట్లాడాల్సిన మొదటి పాయింటు ఇదే.

ఈ జిల్లా జనం రీసెర్చ్‌కి కొత్తేం కాదు. నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట తాగే అడ్డపొగ మీద శ్రీకాకుళం పల్లెల్లో 10,169 మంది నోళ్లు చూసి రాసిన పేపర్ 1971లోనే బ్రిటిష్ క్యాన్సర్ జర్నల్లో వచ్చింది. చుట్ట అయినా బీడీ అయినా గుట్కా అయినా గుండెకీ ముప్పేనని 52 దేశాల ఇంటర్‌హార్ట్ స్టడీ తర్వాత తేల్చింది, దక్షిణాసియా వాళ్లకి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే, మిగతా దేశాల వాళ్లకంటే ఐదారేళ్లు ముందే వస్తోందని కూడా అందులోనే తేలింది. రేపు కిడ్నీ మీదో గుండె మీదో ట్రయల్ అంటూ ఎవరైనా ఊళ్లోకి వస్తే కంగారు పడక్కర్లేదు, అలాగని వేలిముద్ర వేసేయనూ అక్కర్లేదు. 2009 నుంచి ఇక్కడ జరిగే ప్రతి మందు ట్రయల్‌నీ సీటీఆర్ఐ అనే రిజిస్ట్రీలో ముందే నమోదు చెయ్యాలి, ఆ నంబర్ అడిగితే చెప్పాలి. కాగితం తెలుగులో చదివి వినిపించాలి, ఏ గ్రూపులో పడతారో లాటరీయేనని చెప్పాలి, ఏమైనా జరిగితే వైద్యం ఎవరి ఖర్చో చెప్పాలి, మధ్యలో మానేస్తానంటే మామూలుగా అందే వైద్యం ఆపకూడదు. ట్రయల్ అయిపోయాక ఆ మందు, ఆ నెలనెలా టెస్టులు, ఆ ఫోన్ చేసే మనిషి ఈ ఊరికి ఉంటారా లేదా అన్నది మాత్రం కాగితంలో సాధారణంగా ఉండదు, నోరు తెరిచి అడగాల్సిందే.